జేబులో కార్డుంటే లైసెన్సు ఉన్నట్టేనా?

సంక్రాంతి వెళ్లాక మా కోనసీమలో ఓ నెల రోజులు రెండు కబుర్లు నడుస్తాయి. కోడిపందేల బరుల దగ్గర ఎవరు ఎంత పోగొట్టుకున్నారన్నది ఒకటి. ఎదుర్లంక వంతెన దగ్గర ఎవరిని ఊదించారు, ఎవరి లైసెన్సు పట్టుకుపోయారన్నది రెండోది. వంతెనకు అవతల యానాం. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ పన్నులు వేరు, మందు రేట్లూ వేరు. ఇవతలికి వచ్చేటప్పుడు చేతిలో బైకు ఉంటుంది, నోట్లో వాసన ఉంటుంది. ఆపైన కథ ఊహించుకోవచ్చు.

టీ కొట్టు దగ్గర ఈ సంగతి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు: "లైసెన్సు సస్పెండైతే ఏమవుద్దండి బాబూ, పట్టుకుంటే ఓ ఐదొందలు పారేత్తే సరి."

ఆ ఐదొందల లెక్క ఊరికే పుట్టలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో, లైసెన్సు సస్పెండై ఉండగా బండి నడిపిన తప్పుకు జరిమానా ఐదు వందలకు మించకూడదని చాలా ఏళ్లు ఉండేది. 2019లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అది పదివేలు. టీ కొట్టు మాత్రం పాత రేటు దగ్గరే ఆగిపోయింది. ఆ పదివేలు కూడా ఈ వ్యవహారంలో చిన్న అంకే. పెద్ద అంకెలు బీమా దగ్గర వస్తాయి. అక్కడికి వెళ్లేముందు కొన్ని మాటలు విడదీసుకోవాలి. జనం కలిపేసి వాడే మాటల్ని చట్టం విడివిడిగా చూస్తుంది.

పోయింది అంటే ఎలా పోయింది?

"లైసెన్సు పోయింది" అని ఒకే మాట అంటాం గానీ అందులో నాలుగు పరిస్థితులు ఉన్నాయి.

గడువు తీరిపోవడం మొదటిది. కార్డు మీద ఉన్న తేదీ దాటింది, రెన్యూవల్ చేయించుకోలేదు. ఒకప్పుడు గడువు తీరినా ముప్పై రోజుల వరకు లైసెన్సు చెల్లేది. 2019 సవరణ ఆ ముప్పై రోజులు తీసేసింది. అయితే ఏడాదిలోపు రెన్యూవల్‌కు వెళితే మళ్లీ టెస్టు లేకుండా పని అయిపోతుంది. ఏడాది దాటితే టెస్టు ఇవ్వాలి. ఈ మనిషి మీద తప్పు బద్ధకమే.

రెండోది స్వాధీనం. పోలీసులో, మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరో కార్డు తీసుకుని రసీదు ఇస్తారు. ఇక్కడ ఇంకా ఎవరూ దేన్నీ సస్పెండ్ చేయలేదు.

మూడోది సస్పెన్షన్. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నువ్వు లైసెన్సు కలిగి ఉండటానికి అనర్హుడివి అని ఆర్డరు వస్తుంది. చట్టం ఎక్కువగా వాడే మాట ఈ అనర్హతే. మనం వాడుకలో సస్పెన్షన్ అంటున్నాం. నాలుగోది రద్దు. అప్పుడు ఆ లైసెన్సు ఇక లేదు.

ఈ వ్యాసమంతా మూడోదాని గురించి. ఆ అనర్హత ఉన్నంతకాలం లైసెన్సు చెల్లదని సెక్షన్ 23 చెబుతుంది. కార్డు ఎక్కడుందన్న ప్రశ్నే అక్కడ లేదు. ఆర్టీఓ ఆఫీసు బీరువాలో ఉన్నా, మీ చొక్కా జేబులో ఉన్నా, ఫోన్‌లో డిజీలాకర్‌లో మెరుస్తున్నా, ఆ రోజుల్లో మీకు లైసెన్సు లేదు.

ఎవరు ఆపగలరు, దేనికి?

దారులు మూడు. మొదటిది లైసెన్సింగ్ అధికారి, అంటే ఆర్టీఓ ఆఫీసు. సెక్షన్ 19 కింద వారికి ఆ అధికారం ఉంది. ఆర్డరు రాసేముందు మన మాట వినాలి, కారణం కాగితం మీద పెట్టాలి. పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని పంపిన కేసుల్లో మొదటిసారి అయితే మూడు నెలలు, రెండోసారి అయితే రద్దు అని 2019 సవరణ పెట్టింది. తాగి నడపడం, మితిమీరిన వేగం, ప్రమాదకరంగా నడపడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం ఈ జాబితాలో ఉన్నాయి. బైకు మీద ముగ్గురెక్కడం, హెల్మెట్ లేకపోవడం కూడా ఉన్నాయని చెబితే చాలామంది నమ్మరు. ఆ రెండింటికీ వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల అనర్హత అని చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. వెయ్యి కట్టి చేతులు దులుపుకునేవాళ్లు రెండో సగం చదవరు.

డెల్టాకు బాగా తగిలేది ఇంకొకటుంది. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం. నాట్లప్పుడు, కోతలప్పుడు తెల్లవారుజామున ట్రక్కు ఆటోలో పాతికమంది కూలీలు నిలబడి వెళ్లడం మనకు రోజూ కనిపించే దృశ్యం. సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రత కమిటీ 2015లో రాష్ట్రాలకు ఒక జాబితా ఇచ్చి, వాటికి కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయమంది. అతివేగం, రెడ్ సిగ్నల్ దాటడం, సరుకు అధికంగా వేయడం, సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం, తాగి నడపడం, నడుపుతూ ఫోన్ మాట్లాడటం. ఆరింటిలో కనీసం రెండు మన పంట పొలాల దారిలో ప్రతి సీజన్‌లోనూ జరిగేవే.

రెండో దారి కోర్టు. ఈ చట్టం కింద ఏ నేరానికైనా శిక్ష వేస్తూ మేజిస్ట్రేటు అదనంగా ఇంతకాలం బండి నడపకూడదని ఆర్డరు వేయవచ్చు. దాని మీద అప్పీలు వేశాను కదా, ఇక నడుపుకోవచ్చు అనుకోవడం పొరపాటు. పైకోర్టు ప్రత్యేకంగా చెబితే తప్ప ఆ ఆర్డరు ఆగదు.

మూడోది వింతగా ఉంటుంది, ఎవరూ ఆర్డరు వేయనక్కర్లేదు. ప్రమాదకరంగా నడిపినందుకు ఇదివరకే శిక్షపడిన మనిషి మీద, మళ్లీ అలాగే నడిపి ప్రాణం తీశాడనో తీవ్రంగా గాయపరిచాడనో పోలీసులు కేసు కడితే, కేసు నమోదైన రోజు నుంచి ఆరు నెలలు లైసెన్సు దానంతటదే సస్పెండైపోతుంది. ఈలోపు నిర్దోషి అని తేలితే అక్కడితో ఆగుతుంది.

ఏ దారిలో వచ్చినా ఆర్డరులో ఒక సంగతి చూసుకోవాలి. అనర్హత అన్ని బండ్లకూనా, కొన్నింటికేనా అన్నది. ట్రాన్స్‌పోర్టు బండి వరకే ఆపి, సొంత బైకును వదిలేసే అవకాశం చట్టంలో ఉంది. ఆ ఒక్క వాక్యం చదవక కొందరు నడపకూడనిది నడుపుతారు, కొందరు నడపదగినది కూడా ఇంట్లో పెట్టి బస్సెక్కుతారు.

రసీదు దగ్గర మోసపోయేది

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే.

సత్తిబాబు అనుకుందాం, ముమ్మిడివరంలో కొబ్బరికాయల వ్యాపారం. పేరు కల్పితం. వంతెన దగ్గర ఊదించారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం, ఈయనకు దాటింది. లైసెన్సు తీసుకుని చిన్న రసీదు చేతిలో పెట్టారు. కేసు కోర్టులో వేరే నడుస్తుంది. మొదటిసారి కాబట్టి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మర్నాడు సత్తిబాబు రసీదు మడిచి పర్సులో పెట్టుకుని అమలాపురం బయల్దేరాడు. బావమరిది చెప్పాడు మరి: "రసీదుంటే లైసెన్సున్నట్టే బావా, నాకూ ఓసారి ఇచ్చారు."

బావమరిది అబద్ధం చెప్పలేదు. సెక్షన్ 206లో రెండు రకాల రసీదులున్నాయి. మూడో ఉపవిభాగం కింద లైసెన్సు తీసుకుంటే, కార్డు తిరిగి ఇచ్చేదాకా లేదా రసీదు మీద రాసిన తేదీ దాకా, ఏది ముందైతే అంతవరకు ఆ కాగితం చూపించి బండి నడపవచ్చు. బావమరిదికి దొరికింది అది. 2019లో నాలుగో ఉపవిభాగం వచ్చి చేరింది. తాగి నడపడం లాంటి తప్పులకు లైసెన్సు తీసుకుని సస్పెన్షన్ కోసం ఆర్టీఓకు పంపితే, దానికిచ్చే రసీదు బండి నడపడానికి పనికిరాదని అక్కడే రాసి ఉంది. సత్తిబాబుకు దొరికింది ఇది. చేతిలో రెండూ కాగితాలే, రెండింటి మీదా స్టాంపు ఉంటుంది.

మరి సస్పెన్షన్ ఆర్డరు ఇంకా రాకముందే ఆ రసీదుతో నడిపితే ఏ సెక్షన్ వర్తిస్తుంది? దీనిమీద రెండు వాదనలకు చోటుంది. అనర్హుడని ఇంకా ఎవరూ ప్రకటించలేదు కాబట్టి అనర్హుడు నడిపిన నేరం కాదు, మహా అయితే చెల్లే లైసెన్సు లేకుండా నడిపినట్టు అన్నది ఒకటి. దానికి ఐదు వేలు, మూడు నెలల వరకు జైలు. రసీదు నడపడానికి హక్కు ఇవ్వదని చట్టమే చెప్పాక ఆ వ్యవధి కూడా నిషేధమే, తేడా పేరులోనే ఉంది అన్నది ఇంకొకటి. మాటలను బట్టి చూస్తే నాకు మొదటిదే బలంగా కనిపిస్తుంది. శిక్ష రాసిన సెక్షన్‌ను ఉన్న మాటలకు మించి సాగదీయకూడదు కదా. ఏ వాదన గెలిచినా సత్తిబాబు తప్పించుకోడు, అంకె మారుతుందంతే.

ఇదే సందర్భంలో ఒక సంగతి. పోలీసులు "నీ లైసెన్సు సస్పెండ్ చేశాం" అన్నంత మాత్రాన అది సస్పెండ్ కాదు. 2022లో కలకత్తా హైకోర్టు దీన్ని విప్పి చెప్పింది. పోలీసులు లైసెన్సు తీసుకుని పంపగలరు, సస్పెండ్ చేసే అధికారం మాత్రం లైసెన్సింగ్ అధికారిదే.

పట్టుబడితే పడేది

ఆర్డరు వచ్చాక నడిపితే సెక్షన్ 182. మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. జైలు తప్పనిసరి కాదు, మేజిస్ట్రేటు విచక్షణ. వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరాల జాబితా ఈ చట్టంలో చిన్నది. ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, యజమానికి చెప్పకుండా బండి పట్టుకుపోవడం. ఇది అందులో లేదు. అయితే బండిని మాత్రం అక్కడికక్కడే పట్టుకోవచ్చు. చెల్లే లైసెన్సు లేకుండా నడుస్తున్న బండిని ఆపి ఉంచే అధికారం సెక్షన్ 207 ఇస్తుంది. సత్తిబాబు బైకు స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండుతుంది.

సెక్షన్ 182లో నన్ను ఆశ్చర్యపరిచింది రెండు మాటలు. అనర్హుడు బహిరంగ ప్రదేశంలోగానీ "మరే చోటగానీ" నడిపితే నేరం అంటుంది. అసలు లైసెన్సే తీసుకోని మనిషికి ఇంత కట్టడి లేదు. అతను బహిరంగ ప్రదేశంలో నడపకూడదు, అంతే. ఉండి దగ్గర సొంత చేపల చెరువు గట్టు మీద, గేటు వేసుకున్న స్థలంలో, లైసెన్సు లేని కుర్రాడు మేత బస్తాలు వేసుకుని బైకు నడిపితే ఆ నిషేధం తగలదనవచ్చు. సస్పెన్షన్‌లో ఉన్న వాళ్ల నాన్న అదే గట్టు మీద నడిపితే, సెక్షన్ మాటల ప్రకారం తగులుతుంది. చెరువు గట్టు మీదికి వచ్చి ఎవరు పట్టుకుంటారు అనొచ్చు. ఎవరూ రారు, బైకు కింద ఎవరైనా పడేదాకా.

యానాం సంగతీ చెప్పాలి. వంతెన దాటితే రాష్ట్రం మారుతుంది కదా, ఆంధ్రా సస్పెన్షన్ అక్కడ చెల్లదేమో అని ఒక ఆశ. లైసెన్సు దేశమంతా చెల్లేది, చట్టం కేంద్రానిది, అనర్హత కూడా దేశమంతటికీ. అక్కడి చిరునామాతో ఇంకో లైసెన్సు తీసుకుందామనుకుంటే అది మరీ తెలివితక్కువ పని. అనర్హత కాలంలో లైసెన్సుకు దరఖాస్తు చేయడమే సెక్షన్ 182 కింద నేరం, దొరికినా ఆ లైసెన్సు చెల్లదు. సస్పెండైన లైసెన్సుల వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో వరుసగా నమోదు చేయాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. ఫోన్‌లో కార్డు చూపిస్తే ఆ ఫోన్‌లోనే దాని స్థితి కూడా తేలిపోతుంది.

మరి మూడు నెలలు ఎలా తిరగాలి? సైకిలు ఉంది, ఆర్టీసీ ఉంది. పావు కిలోవాట్ లోపు మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు దాటని, బ్యాటరీ కాక 60 కిలోలు మించని ఎలక్ట్రిక్ స్కూటరును నిబంధనలు మోటారు వాహనంగానే లెక్కించవు. దానికి లైసెన్సే అక్కర్లేదు. షోరూముల్లో కనిపించే పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఈ లెక్కలోకి రావు, వాటికి లైసెన్సు కావాల్సిందే.

"నాకు నోటీసే రాలేదండీ"

ఈ మాట నిజం కావచ్చు కూడా. లైసెన్సు మీద పాత చిరునామా ఉంటుంది. మనిషి అంతర్వేది నుంచి భీమవరం మారిపోయి ఆరేళ్లు. షోకాజ్ నోటీసు పాత ఇంటి గుమ్మం చూసి వెనక్కి వెళుతుంది. ఆర్డరు వచ్చేసి ఉంటుంది, ఈయనకు తెలియదు, కార్డు జేబులోనే ఉంటుంది.

కఠినంగా చదివేవాళ్లు సెక్షన్ 182లో "తెలిసి" అన్న మాట లేదు అంటారు. అనర్హత ఉంది, నడిపాడు, అంతే. చిరునామా మార్చుకోకపోవడం ఎవరి తప్పు? ఎదుటి వాదన ఏమంటే, వినే అవకాశం ఇవ్వాలని సెక్షన్ 19లోనే ఉంది, వినకుండా వేసిన ఆర్డరు పునాదే బలహీనం, దాని మీద నేరం నిలబెట్టడం న్యాయం కాదు. అప్పీలుకు ఇచ్చిన ముప్పై రోజులు కూడా ఆర్డరు అందిన రోజు నుంచే లెక్క. అంటే ఆర్డరు మనిషికి అందాలన్నది చట్టం మనసులో ఉంది. ఈ రెండో వాదన నోటీసు నిజంగా అందని మనిషికి బాగా పనికొస్తుంది. నోటీసు తీసుకుని బీరువాలో పడేసినవాడికి పనికిరాదు.

బీమా దగ్గర లెక్క మారేది

ఇప్పుడు పెద్ద అంకెలు. సత్తిబాబు సస్పెన్షన్ రెండో నెలలో ఉన్నాడు. సొంత బైకు, సొంత పాలసీ, ప్రీమియం టైముకు కట్టాడు. పేరూరు వైపు వెళుతూ ఒక సైకిలాయన్ని గుద్దాడు. ఆయన చనిపోయాడు. సత్తిబాబుకు కాలు విరిగింది, బండి తుక్కయింది.

బండి బాగుచేయించే ఖర్చు ముందు చూద్దాం. పాలసీ కాగితంలో డ్రైవర్ క్లాజు అని ఒకటుంటుంది. నడిపే మనిషికి ప్రమాదం జరిగిన సమయంలో చెల్లే లైసెన్సు ఉండాలి, అతను అనర్హుడై ఉండకూడదు అని. కంపెనీ ఆ వాక్యం చూపించి క్లెయిము తోసేస్తుంది. బైకు ఖర్చు 60 వేలనుకుంటే, అది సొంత జేబు. అదే ప్రమాదంలో సత్తిబాబు కూడా పోయి ఉంటే, యజమాని నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా, దానికీ చెల్లే లైసెన్సు షరతే. ఆ డబ్బు మీద ఇంట్లోవాళ్లు ఆశపెట్టుకోలేరు.

ఇక సైకిలాయన కుటుంబం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ 14 లక్షల పరిహారం ఇవ్వమంది అనుకుందాం. మామూలుగా థర్డ్ పార్టీ బీమా ఇది కట్టాలి. కానీ చట్టంలోనే, సెక్షన్ 150లో, నడిపినవాడు అనర్హత కాలంలో ఉన్నాడని చెప్పి కంపెనీ తప్పుకునే వీలు ఇచ్చారు. సస్పెన్షన్ గురించి అంత సూటిగా రాసి ఉంది.

అయితే పోయిన మనిషి కుటుంబం ఏం చేసింది పాపం? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ ముడిని విప్పింది. లైసెన్సు షరతు తప్పారని చూపించాల్సిన భారం కంపెనీదే. ఊరికే తప్పితే చాలదు, యజమాని తెలిసి తప్పాడనో, తగిన జాగ్రత్త తీసుకోలేదనో కూడా నిరూపించాలి. నిరూపించినా, ముందు కుటుంబానికి కట్టేసి ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. కోర్టుల దగ్గర దీన్ని "పే అండ్ రికవర్" అంటారు.

సత్తిబాబు విషయంలో నిరూపించడానికి కష్టమేముంది? యజమానీ ఆయనే, నడిపిందీ ఆయనే, ఆర్డరు అందినట్టు సంతకమూ ఆయనదే. కంపెనీ 14 లక్షలు కట్టి, వడ్డీతో సహా ఈయన మీద వసూలు పిటిషన్ వేస్తుంది. కొబ్బరి తోట ఉంటే తోట, ఇల్లు ఉంటే ఇల్లు జప్తు దాకా వెళ్లగలదు. ట్రిబ్యునల్ కంపెనీని పూర్తిగా తప్పిస్తే కుటుంబం నేరుగా సత్తిబాబు మీదికే రావాలి. అప్పుడు వాళ్లకు డబ్బు అందేది ఎప్పుడో దేవుడికెరుక. టీ కొట్టు దగ్గర ఐదొందలతో మొదలైన లెక్క ఇది.

బండి ఇచ్చిన పాపానికి

ఆకివీడు వైపు రొయ్యల వ్యాను నడిపిస్తున్న సుబ్బరాజు గారిని ఊహించుకోండి. డ్రైవరు నూకరాజు నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. చేరినప్పుడు కార్డు చూశారు, జెరాక్స్ తీయించి ఫైల్లో పెట్టారు. మొన్న వ్యానులో కూలీలను ఎక్కించినందుకు నూకరాజు లైసెన్సు మూడు నెలలు సస్పెండైంది. చెబితే పని పోతుందని చెప్పలేదు. ప్రమాదం జరిగింది.

చెల్లే లైసెన్సు లేని మనిషికి తెలిసి బండి ఇచ్చిన యజమానికి ఐదు వేల జరిమానా, మూడు నెలల వరకు జైలు అని సెక్షన్ 180లో ఉంది. ఇక్కడ సుబ్బరాజు గారికి తెలియదు. అసలు ప్రశ్న బీమా డబ్బు గురించి. ఆయన తగిన జాగ్రత్త తీసుకున్నట్టేనా?

సుప్రీంకోర్టు తీర్పులు రెండు వైపులకూ దారి చూపిస్తాయి. పైకి అసలులాగే కనిపించే లైసెన్సు నకిలీదని తర్వాత తేలిన కేసుల్లో, యజమాని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి వాకబు చేయాలని ఆశించకూడదంది. 2003లో అన్నది, 2023లో మళ్లీ అదే అంది. మరోవైపు 2020లో, లైసెన్సు గడువు తీరి మూడేళ్లైనా రెన్యూవల్ చేయించుకోని డ్రైవరు కేసులో, ఆ తేదీ చూసుకోవాల్సింది యజమానే అని చెప్పింది. నకిలీ అయితే చూసినా తెలియదు. గడువు అయితే చూస్తే తెలుస్తుంది, కార్డు మీదే ఉంటుంది.

సస్పెన్షన్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది. కార్డు మీద కనిపించదు, ఆ విధంగా నకిలీకి దగ్గర. కానీ లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే ప్రభుత్వ పరివాహన్ సైటులో స్థితి కనిపిస్తుంది, ఆ విధంగా గడువుకు దగ్గర. యజమానుల వైపు మాట్లాడేవాళ్లు, నాలుగేళ్లుగా నమ్మకంగా ఉన్న మనిషి లైసెన్సును నెలనెలా సైటులో చూసుకోమనడం అతి అంటారు. కంపెనీల వైపు వాళ్లు, నిమిషం పనికి తీరిక లేని యజమాని జాగ్రత్త తీసుకున్నాడని ఎలా అంటారు అని అడుగుతారు. నా మటుకు నాకు, ఒక్క బండి ఉన్న సుబ్బరాజు గారినీ, నలభై లారీలు తిప్పే ట్రాన్స్‌పోర్టు కంపెనీనీ ఒకే త్రాసులో వేయడం సబబుగా తోచదు. ఎవరికి ఎంత జాగ్రత్త చేతనవుతుందో చూసి తేల్చాల్సిన విషయం ఇది.

ఇంట్లో సంగతి ఇంత చిక్కుగా ఉండదు. నాన్న లైసెన్సు సస్పెండైందని తెలిసీ కొడుకు తన బైకు తాళం ఇస్తే, తెలియదనడానికి వీల్లేదు.

లైసెన్సు లేదు కాబట్టి తప్పు కూడా అతనిదేనా?

ఊళ్లో పంచాయితీ అయితే ఇక్కడితో తీర్పు చెప్పేస్తారు. లైసెన్సు లేనోడు రోడ్డెక్కడమే తప్పు, కాబట్టి గుద్దుకోవడానికి కారణమూ వాడే అని. కోర్టు అలా చూడదు. లైసెన్సు లేకుండా నడపడం దానికదే ప్రమాదంలో వాటా పంచుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది. నూకరాజు తన పక్కన తాను నెమ్మదిగా వెళుతుంటే 216 జాతీయ రహదారి మీద ఎదురుగా రాంగ్ సైడులో లారీ వచ్చి గుద్దిందనుకోండి. లైసెన్సు సంగతి వేరే నేరం. లారీవాడి నిర్లక్ష్యం లారీవాడిదే, నూకరాజుకు పరిహారం రావాల్సిందే.

తిరగేసి చూసినా అంతే. సస్పెన్షన్‌లో ఉన్న మనిషి నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, పాత చట్టంలో రెండేళ్లే ఉండేది. అక్కడా నిర్లక్ష్యం విడిగా నిరూపించాలి. కానీ నడపవద్దని రాతపూర్వకంగా చెప్పాక కూడా నడిపాడన్న సంగతి శిక్ష ఖరారు చేసేటప్పుడు ప్రాసిక్యూషన్ ఎత్తకుండా ఉంటుందా?

తొంభై ఒకటో రోజు

సత్తిబాబు ప్రమాదం కథ పక్కన పెట్టి, బుద్ధిగా మూడు నెలలు బస్సుల్లో తిరిగాడనుకుందాం. ఆర్డరులో ఉన్న ఆఖరి తేదీ దాటింది. మర్నాడు ఉదయం బైకు తుడిచి బయటికి తీయవచ్చా?

2019 సవరణ ఇక్కడ ఇంకో మెట్టు కట్టింది. అనర్హత కాలం అయిపోయాక కూడా, డ్రైవర్లకు మళ్లీ ఇచ్చే రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేసినవారికే లైసెన్సు తిరిగి ఇవ్వాలంటుంది. గడువు తీరడం, కార్డు చేతికి రావడం రెండూ ఒకే రోజు జరగకపోవచ్చు. ఎక్కువకాలం అనర్హత పడినవారికి ఒక వెసులుబాటు ఉంది. ఆర్డరు వచ్చిన ఆరు నెలల తర్వాత, దాన్ని తీసేయమని ఆర్డరు వేసిన కోర్టునో అధికారినో అడగవచ్చు. మూడు నెలలవాళ్లకు దాంతో పని లేదు.

కాబట్టి తొంభై ఒకటో రోజు పొద్దున్న సత్తిబాబు ముమ్మిడివరం సెంటర్లో అమలాపురం బస్సు కోసమే నిలబడతాడు. శిక్షణ సర్టిఫికెట్, ఆర్డరు కాపీ, మూడు నెలల కిందటి ఆ రసీదు, మూడూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని.